అండమాన్‌లో ప్యాడిల్ బోర్డు: గాలి నింపడం తేలికే, గాలి దిశ తెలుసుకోవడమే కీలకం

శ్రీ విజయపురం: వీపున మోసుకెళ్లే సంచిలో ఇమిడిపోయి, పది నిమిషాలు పంపు కొడితే మనిషి నిలబడగలిగే గట్టి పలకగా మారే ప్యాడిల్ బోర్డు అండమాన్ తీరాల్లో సముద్రాన్ని దగ్గరగా చూడాలనుకునే పర్యాటకులకు అనువైన సాధనం. దానిపై నిలబడి తెడ్డు వేయడం శాంతమైన నీటిలో గంట సాధనతో అలవడుతుంది. కానీ క్షేమంగా తిరిగి ఒడ్డు చేరడం కండబలం కన్నా, నీటిలోకి దిగే ముందు వేసుకునే ఒక ప్రశ్నపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. గాలి ఒడ్డు వైపు వీస్తోందా, సముద్రం వైపు వీస్తోందా?

అండమాన్ నికోబార్ దీవులకు తెలుగువారితో అనుబంధం గాఢమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం మొదలైన ఉత్తర కోస్తా ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఉన్నాయి. వారి పూర్వికులకు తెప్ప కొత్త కాదు. దుంగలను తాళ్లతో కట్టి, దానిపై మోకాళ్లూని లేదా నిలబడి తెడ్డు వేస్తూ అలలు దాటడం తూర్పు తీరమంతటా తరతరాలుగా ఉన్న విద్య. ప్యాడిల్ బోర్డు కూడా ఆ తీరుదే. తేడా బరువులో ఉంది. నీటిలో సగం మునిగి సాగే తెప్పను గాలి అంత సులభంగా నెట్టలేదు. గాలి నింపిన బోర్డు మాత్రం దాదాపు పూర్తిగా నీటిపైనే తేలుతుంది. దానిపై నిలబడిన మనిషి శరీరం తెరచాపలా గాలిని పట్టుకుంటుంది.

బోర్డు నిర్మాణం

మామూలు రబ్బరు ట్యూబులో గాలి నింపితే అది గుండ్రంగా ఉబ్బుతుంది. ప్యాడిల్ బోర్డు అలా ఉబ్బకుండా చదునుగా, గట్టిగా ఉండటానికి కారణం లోపలి దారాలు. పైపొరను, కింది పొరను వేలాది పాలిస్టర్ దారాలు సమాన దూరంలో పట్టి ఉంచుతాయి. గాలి పీడనం పొరలను బయటికి నెడుతుంటే దారాలు లోపలికి లాగి పట్టుకుంటాయి. ఇలాంటి బట్టతోనే అమెరికాకు చెందిన గుడ్‌ఇయర్ సంస్థ 1956లో గాలి నింపి ఎగిరించే చిన్న విమానాన్ని తయారు చేసింది.

పెద్దలు వాడే సాధారణ బోర్డు సుమారు పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉంటుంది. బరువు ఎనిమిది నుంచి పదకొండు కిలోలు. మోయగల గరిష్ఠ బరువును తయారీదారు బోర్డుపైనే ముద్రిస్తారు. మనిషి బరువుతో పాటు నీళ్ల సీసా, సంచి బరువును కూడా అందులో లెక్కించాలి. అత్యధిక బోర్డులలో గాలి గది ఒక్కటే ఉంటుందన్న సంగతి మరువరాదు. వాల్వు ఊడినా, అతుకు విడినా ఆదుకునే రెండో గది ఉండదు. ఈత వచ్చినవారు కూడా లైఫ్ జాకెట్ ధరించాలనడానికి ఇదొక కారణం.

సొంత బోర్డుతో విమానంలో వెళ్లేవారు సామాను పరిమితిని ముందే చూసుకోవాలి. దేశీయ విమానాలలో చాలా టికెట్లకు 15 కిలోల వరకే అనుమతి ఉంటుంది. బోర్డు, పంపు, తెడ్డు కలిపితేనే ఆ పరిమితి దాదాపు నిండుతుంది. విద్యుత్ పంపులోని లిథియం బ్యాటరీని తీసి చేతి సంచిలో ఉంచుకోవాలి. గ్యాస్ గొట్టంతో దానంతట అదే ఉబ్బే లైఫ్ జాకెట్‌కు విమాన సంస్థ అనుమతి అవసరం. మామూలు ఫోమ్ జాకెట్‌కు ఆ చిక్కు లేదు.

గాలి నింపే పద్ధతి

బోర్డును నీడలో, రాళ్లు, శంఖుల ముక్కలు లేని చోట పరచాలి. వాల్వు మూత తీసి లోపల ఇసుక రేణువులు లేవని చూడాలి. వాల్వు మధ్యలోని చిన్న మీట పైకి లేచి ఉంటేనే గాలి లోపల నిలుస్తుంది. అది కిందికి నొక్కుకుని ఉంటే పంపు గొట్టం తీయగానే గాలంతా బయటికి పోతుంది. కొత్తవారు తరచూ చేసే మొదటి పొరపాటు ఇదే.

పంపు మొదట పైకీ కిందికీ కదిపినప్పుడు రెండు వైపులా గాలి పంపేలా ఉంచి, బోర్డు ఆకారం వచ్చాక కిందికి నొక్కినప్పుడు మాత్రమే గాలి వెళ్లేలా మార్చుకోవాలి. పీడనం కొంత పెరిగే వరకు చేతిపంపు మీటరులో ముల్లు కదలదు. అది చూసి పంపు పాడైందనుకోనక్కర లేదు. చాలా బోర్డులకు 12 నుంచి 15 పీఎస్‌ఐ వరకు పీడనం అవసరం. కచ్చితమైన అంకె బోర్డుపై ఉంటుంది. చేత్తో నొక్కితే గట్టిగా తగిలిందని మధ్యలో ఆపడం తగదు. 8 పీఎస్‌ఐ వద్ద కూడా బోర్డు గట్టిగానే అనిపిస్తుంది. మనిషి నిలబడితే మాత్రం నడుమ కుంగి, అరటి దొప్పలా వంగి, తెడ్డుకు లొంగదు.

ఎండ ప్రభావాన్ని కూడా గుర్తుంచుకోవాలి. మూసిన గదిలోని గాలి వేడెక్కితే పీడనం పెరుగుతుంది. ఉదయం 28 డిగ్రీల వద్ద 15 పీఎస్‌ఐకి నింపిన బోర్డును ఇసుకపై ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 60 డిగ్రీలకు చేరినప్పుడు పీడనం సుమారు 18 పీఎస్‌ఐ అవుతుంది. అంచుల అతుకులు విడిపోవడానికి ఇది దారి తీస్తుంది. మధ్యాహ్నం విరామంలో బోర్డును చెట్టు నీడకు చేర్చడం, నీడ లేకపోతే కొంత గాలి తీసేయడం మంచిది. ఎండలో నింపిన బోర్డు నీటిలో చల్లబడగానే కొంచెం మెత్తబడటం కూడా సహజం. నీటిలో పెట్టిన కొద్ది నిమిషాలకు ఒకసారి పరీక్షించుకుంటే సరిపోతుంది.

తెడ్డు, ఫిన్, లీష్

తెడ్డు పొడవు మనిషి ఎత్తు కన్నా దాదాపు జానెడు ఎక్కువ ఉండాలి. తెడ్డు ఆకు వంపు ముందుకు, అంటే బోర్డు ముక్కు వైపు ఉండాలి. నీటిని తోడుతున్నట్టుగా వెనక్కి తిప్పి పట్టుకోవడం కొత్తవారిలో కనిపించే పొరపాటు. అడుగున వెనుక భాగంలో బిగించే ఫిన్ బోర్డును తిన్నగా నడుపుతుంది. అండమాన్‌లో పగడపు దిబ్బలు లోతు తక్కువ నీటిలోనే ఉంటాయి కాబట్టి పొట్టిగా, వంగే స్వభావం గల ఫిన్ మేలు. పొడవైన ఫిన్ పగడానికి తగిలితే బోర్డు ఠక్కున ఆగి, మనిషి ముందుకు పడతాడు. కింద మెత్తటి ఇసుక ఉండదు.

లీష్ అంటే బోర్డును మనిషికి కట్టి ఉంచే తాడు. చాలామంది దీన్ని అలంకారంగా భావిస్తారు. నిజానికి లైఫ్ జాకెట్‌తో సమానంగా ప్రాణం కాపాడే వస్తువు ఇది. మనిషి నీటిలో పడిన క్షణంలోనే గాలి బోర్డును నెట్టుకుపోతుంది. ఓ మాదిరి గాలిలోనే అది ఈతగాడి కన్నా వేగంగా జరిగిపోతుంది. సముద్ర తీరంలో చుట్టలు తిరిగిన లీష్‌ను చీలమండకు గానీ పిక్కకు గానీ కట్టుకోవచ్చు. వేగంగా పారే పాయల్లో మాత్రం కాలికి కట్టరాదు. తాడు మడ చెట్ల వేళ్లకు, లంగరు తాళ్లకు చిక్కుకుంటే ప్రవాహంలో వంగి విప్పుకోవడం సాధ్యం కాదు. అటువంటి చోట ఒక్క లాగుతో ఊడే నడుము పట్టీ తప్పనిసరి.

బోర్డును అద్దెకు తీసుకునేవారు కూడా ఇవన్నీ తామే పరీక్షించుకోవాలి. పీడనం సరిపోయిందా, వాల్వు మూత గట్టిగా ఉందా, ఫిన్ బిగిసిందా, లీష్ తాడు చీలలేదు కదా, జాకెట్ కొలత సరిపోయిందా అన్న ఐదు విషయాలు చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఏ కాలంలో ఏ తీరం

అండమాన్‌లో ఏడాదిలో రెండు రుతుపవనాల గాలులు వీస్తాయి. దేశంలో నైరుతి రుతుపవనాలు మొట్టమొదట ప్రవేశించేది ఈ ప్రాంతంలోనే. సాధారణంగా మే మూడో వారానికి అవి అండమాన్ సముద్రాన్ని తాకుతాయి. వర్షాకాలపు సముద్రం కొత్తవారికి తగినది కాదు. నవంబరు నుంచి గాలి ఈశాన్యం వైపు నుంచి వీస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది. పర్యాటకులు అధికంగా వచ్చే కాలమూ ఇదే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరం పడమటి వైపు ఉంటుంది. విశాఖలోని రుషికొండతో పాటు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరమిది. వెనుక ఎత్తయిన అడవి ఉంది. ఈశాన్య గాలి వీచే రోజుల్లో ఆ చెట్లు గాలిని అడ్డుకోవడంతో ఒడ్డు పక్కన నీరు అద్దంలా కనిపిస్తుంది. ఒడ్డున ఉన్నవారికి గాలి ఉన్నట్టే తెలియదు. బోర్డు చెట్ల చాటు దాటి బయటికి వెళ్లగానే గాలి వెనుక నుంచి తోస్తుంది. వెళ్లేటప్పుడు ప్రయాణం హాయిగా, వేగంగా సాగుతుంది. తిరిగి రావాలని ముక్కు తిప్పినప్పుడే ఇబ్బంది తెలిసివస్తుంది.

సాధారణ అభ్యాసకుడు శాంతమైన నీటిలో గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో సాగుతాడు. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లకు చేరితే నిలబడి తెడ్డు వేసినా ముందుకు కదలడం కష్టమవుతుంది. గాలికి, ప్రవాహానికి కలిపి బోర్డు గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో కొట్టుకుపోయినా అరగంటలో ఒడ్డు కిలోమీటరు దూరమవుతుంది. ఆ దూరం నుంచి నీటిపైనున్న మనిషి తల ఒడ్డున ఉన్నవారికి కనిపించదు.

అదే రోజుల్లో ద్వీపానికి తూర్పు వైపున్న కాలాపత్థర్ తీరంలో చిన్న అలలు ఉండవచ్చు. నీరు చూడటానికి అంత అందంగా ఉండకపోవచ్చు. కానీ అక్కడ గాలి ఒడ్డు వైపే వీస్తుంది. పడిపోయినా, అలసిపోయినా గాలి ఒడ్డుకే చేరుస్తుంది. నైరుతి గాలి కాలంలో ఈ లెక్క తలకిందులవుతుంది. శ్రీ విజయపురంలోని కార్బిన్స్ కోవ్ వంటి తూర్పు తీరాల్లో అప్పుడు గాలి సముద్రం వైపు వీస్తుంది. అందువల్ల మంచి తీరం, చెడు తీరం అంటూ శాశ్వతంగా ఏదీ ఉండదు. ఆ పూట గాలిని బట్టి ఎంచుకోవలసిందే.

గాలి దిశ తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. గుప్పెడు పొడి ఇసుకను నెమ్మదిగా వదిలితే అది ఎటు పోతుందో కనిపిస్తుంది. ఒడ్డున గాలి తెలియనప్పుడు చెట్ల తలలను, దూరాన నీటి రంగును చూడాలి. దూరంలో నీరు ముదురు రంగుకు తిరిగి, తెల్లటి నురగ కనిపిస్తే అక్కడ గాలి గట్టిగా ఉందని అర్థం. గాలి సముద్రం వైపు ఉంటే కొత్తవారు ఆ తీరంలో దిగకూడదు. దిశ ఏదైనా గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటితే ఆ పూటకు మానుకోవడమే క్షేమం. బయలుదేరేటప్పుడు మొదట గాలికి ఎదురుగా వెళ్లి, తిరుగు ప్రయాణానికి గాలి తోడుగా ఉండేలా చూసుకోవడం మరో మంచి పద్ధతి.

అలల ఎత్తు, గాలి వేగం, ఉప్పెన అలల హెచ్చరికలను హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ విడుదల చేస్తుంది. అండమాన్ సముద్రానికి సంబంధించిన అంచనాలు కూడా అందులో ఉంటాయి. భారత వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలూ ఇక్కడ పనికొస్తాయి. పెద్ద పడవలనే సముద్రంలోకి వెళ్లవద్దన్న రోజున పది కిలోల బోర్డుకు అక్కడ పని లేదు.

ఆటుపోట్లు, పగడాలు

అండమాన్‌లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టంలో తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. పోటు నుంచి ఆటుకు పట్టే ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో తగ్గదు. మూడో, నాలుగో గంటల్లోనే సుమారు సగం నీరు తరలిపోతుంది. ఆ సమయంలో దీవుల మధ్య సన్నని పాయల్లో, మడ అడవుల ముఖద్వారాల్లో ప్రవాహం బలంగా ఉంటుంది.

షహీద్ ద్వీప్‌లోని భరత్‌పూర్, స్వరాజ్ ద్వీప్‌లోని విజయనగర్ తీరాల్లో పోటు సమయంలో హాయిగా దాటిన చోటే ఆటు సమయంలో పగడపు రాళ్లు పైకి తేలుతాయి. బోర్డు దిగి వాటిపై నడవడం పగడాలకు చేటు, పాదాలకు ప్రమాదం. పగడపు జీవులకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉంది. వాటిని విరవడం, తీసుకెళ్లడం నేరం. ముళ్ల జీవులు, విషపు చేపలు రాళ్ల మధ్య దాగి ఉంటాయి కనుక రబ్బరు అడుగు గల బూట్లు వేసుకోవాలి. పోటుకు కాస్త ముందు దిగి, నీరు తీయడం మొదలయ్యేలోగా తిరిగి రావడం అన్నివిధాలా అనువైనది.

మొసళ్లు, త్వరగా వచ్చే చీకటి

ఉప్పునీటి మొసళ్లు అండమాన్ జలాల్లో సహజంగా నివసించే జీవులు. మడ అడవులు, పాయలు, వాటి ముఖద్వారాలు వాటి ప్రధాన స్థావరాలు. అవి తెరిచిన సముద్రంలోనూ ఈదుతాయి. 2010 ఏప్రిల్‌లో రాధానగర్ సమీపంలో నీటిలో ఉన్న అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ తర్వాత దక్షిణ అండమాన్‌లో భూమి సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వంటి పల్లపు ప్రాంతాల్లోని పొలాల్లోకి ఉప్పునీరు శాశ్వతంగా చేరింది. ఇలాంటి నిశ్చలమైన ముంపు నీరు చెరువులా కనిపించి బోర్డు సాధనకు అనువుగా తోచవచ్చు. కానీ అలాంటి మడ నీరే మొసలికీ అనువైనది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, పాయ సముద్రంలో కలిసే చోట, తెల్లవారుజామున, సంధ్యవేళ, రాత్రి నీటిలోకి దిగరాదు. ఎక్కడ దిగవచ్చో స్థానిక అటవీ సిబ్బందిని, జీవరక్షకులను, మత్స్యకారులను అడిగి తెలుసుకోవడం శ్రేయస్కరం.

గడియారం కూడా ఇక్కడ మోసం చేస్తుంది. దేశమంతటికీ ఒకే కాలమానం ఉన్నా, తూర్పున ఉన్న అండమాన్‌లో సూర్యుడు తెలుగు రాష్ట్రాల కన్నా ఎంతో ముందుగా అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు వాలుతుంది. ఆ తర్వాత అరగంటలోపే చీకటి పడుతుంది. హైదరాబాద్ అలవాటు ప్రకారం నాలుగున్నరకు బోర్డు నీటిలో దించితే తిరిగి వచ్చేసరికి చీకటిలో చిక్కుకున్నట్టే. మధ్యాహ్నం మూడున్నరకల్లా ఒడ్డుకు చేరాలన్న నియమం పెట్టుకోవడం ఉత్తమం. గాలి తక్కువగా ఉండే ఉదయపు పూట, బాగా వెలుగు వచ్చాక దిగడం అంతకన్నా మేలు.

వెళ్లకూడని జలాలు

దీవుల్లో చాలా భాగం గిరిజన రక్షిత ప్రాంతం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద నార్త్ సెంటినెల్ ద్వీపం చుట్టూ ఐదు నాటికల్ మైళ్లు, అంటే సుమారు తొమ్మిది కిలోమీటర్ల వరకు ఎవరూ ప్రవేశించరాదు. 2025 మార్చిలో గాలి నింపే పడవకు మోటారు బిగించుకుని అక్కడికి వెళ్లిన ఒక అమెరికన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. బయటి మనుషుల ద్వారా చేరే మామూలు జలుబు కూడా ఆ తెగకు ప్రాణాంతకం కాగలదన్నది ఈ నిషేధం వెనుక ఉన్న ఒక ప్రధాన కారణం. జరావా రక్షిత ప్రాంతపు తీరాలకూ ఇటువంటి నిషేధమే ఉంది. వండూర్ వద్ద 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ప్రవేశానికి అటవీ శాఖ అనుమతి కావాలి. ఓడలు, ఫెర్రీలు తిరిగే జెట్టీల దగ్గర కూడా బోర్డు నడపరాదు. పెద్ద నౌక నడిపే వ్యక్తికి నీటి మట్టానికి దగ్గరగా ఉన్న మనిషి కనిపించకపోవచ్చు.

పడిపోతే, కొట్టుకుపోతే

నిలబడటం నేర్చుకునే ముందు ఎక్కడం నేర్చుకోవాలి. రొమ్ము లోతు నీటిలో కావాలనే పడి, తిరిగి ఎక్కడం కనీసం ఐదుసార్లు సాధన చేయాలి. బోర్డు పక్కగా చేరి, ఒక చేత్తో మధ్యనున్న పిడి పట్టుకుని, కాళ్లు వెనక్కి చాపి నీటిని తన్నుతూ ఛాతీని బోర్డుపైకి జార్చాలి. కాళ్లు బోర్డు కిందికి పోతే ఎక్కడం సాధ్యం కాదు. మొదట మోకాళ్లపై ఉండి తెడ్డు వేసి, తూకం కుదిరాక పిడికి ఇరువైపులా పాదాలు ఉంచి లేవాలి. చూపు పాదాలపై కాక దూరాన ఉండాలి. పడక తప్పనప్పుడు బోర్డుకు దూరంగా, వెల్లకిలా, చదునుగా పడటం మేలు.

గాలి పెరిగితే వెంటనే మోకాళ్లపై కూర్చోవాలి. అప్పటికీ ముందుకు సాగలేకపోతే తెడ్డును ఛాతీ కింద ఉంచి బోర్లా పడుకుని, చేతులతో నీటిని తోస్తూ రావాలి. శరీరం ఎంత కిందికి ఉంటే గాలి పట్టు అంత తగ్గుతుంది. ఎదురుగాలిలో తిన్నగా రాలేకపోతే, బయలుదేరిన చోటికే చేరాలన్న పట్టుదల మాని, ఒడ్డుకు ఏటవాలుగా ఎక్కడ చేరగలిగితే అక్కడికి రావాలి.

అదీ కుదరకపోతే బోర్డును వదలకూడదు. ఒడ్డు దగ్గరే ఉందనిపించి ఈదడానికి పూనుకుంటే ప్రమాదం పెరుగుతుంది. నీటిలో తలకన్నా రంగు రంగుల బోర్డు వెదికేవారికి త్వరగా కనిపిస్తుంది. దానిపై కూర్చుని విజిల్ ఊదుతూ, రెండు చేతులనూ చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే అది సహాయం కోరే సంకేతమని నావికులు గుర్తిస్తారు. నీరు చొరని సంచిలో ఫోను బోర్డుకు కాక ఒంటికి కట్టుకుని ఉండాలి. సముద్రంలో ఆపద ఎదురైతే భారత తీర రక్షక దళం నంబరు 1554, సాధారణ అత్యవసర నంబరు 112. దీవుల్లో అన్నిచోట్లా సిగ్నల్ అందదు. కాబట్టి ఎక్కడ దిగుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. చెప్పిన వేళకు రాకపోతే 1554కు ఫోను చేయాలని కూడా వారికే చెప్పాలి. వెదకడం ఎంత త్వరగా మొదలైతే వెదకవలసిన సముద్రం అంత చిన్నదిగా ఉంటుంది.